నేను పెట్టని సంతకం

మా తమ్ముడికి ఆరు నెలల జైలుశిక్ష పడింది. వాడు దొంగతనం చేయలేదు, ఎవరి తలా పగలగొట్టలేదు. లైసెన్సు లేకుండా బోరు వేశాడు. అది నేరమని మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో లైసెన్సు ఉన్నవాణ్ణి నేను.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇందులో ఎక్కడైనా విసుక్కుంటే ఏమీ అనుకోకండి. చాలావరకు అది నా మీద నాకే.

బోరు బండి నాది. పదిహేనేళ్లు దగ్గరుండి నేనే నడిపాను. రాడ్డు మీద రాడ్డు దించి, కంప్రెసరు మోతకు సగం చెవుడు తెచ్చుకుని, ఒళ్లంతా రాతిపొడితో ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపి "ఎవరు కావాలండీ?" అని అడిగేది. తమ్ముడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవక తిరుగుతుంటే పద్నాలుగేళ్ల కిందట తీసుకొచ్చి బండి మీద పెట్టాను. పెట్టిన ఏడాదికే నాకు అర్థమైంది, వీడు నాకంటే మంచి పనివాడు.

ఉత్తినే అనడం లేదు. కింద రాయి మారితే నాకు పొడి పైకొచ్చి, దాని రంగు చూశాక తెలిసేది. వాడు బండి స్తంభానికి అరచెయ్యి ఆనించి, "అన్నయ్యా, ఇంకో నాలుగడుగుల్లో మెత్తబడుతుంది, కాస్త నెమ్మదించు" అనేవాడు. నాలుగడుగులు పోయేసరికి నిజంగానే మెత్తబడేది. మిగతా బోరు బండ్లవాళ్లు వాడికి స్టెతస్కోపు అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే నాకు నవ్వొచ్చేది, వెంటనే లోపల కొంచెం మండేది కూడా. అన్నేళ్లు పనిచేసినా నాకెవరూ ఏ పేరూ పెట్టలేదు. నా వెనకాల పెట్టుకున్నారేమో, అది వేరే సంగతి.

తొమ్మిదేళ్ల కిందట నా వెన్నుపూసలు రెండు జారాయి. ఇక బండి జోలికి వెళ్లొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి బండి తమ్ముడి చేతికి వచ్చింది, నేను పడక్కుర్చీకి వచ్చాను.

ఇక్కడ చట్టం గురించి ఒక ముక్క చెప్పాలి. లైసెన్సు ఉన్నవాడు పక్కన నిలబడి ఉంటే ఎవరైనా బోరు పని చేయొచ్చు. అతను లేకుండా చేస్తే నేరం. ముఖ్యంగా, బోరులో దించిన పైపుకీ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య సందులో సిమెంటు పోస్తాం చూడండి, అప్పుడు అతను అక్కడే ఉండి తీరాలి. ఆ సందు మూసుకుంటేనే పైనున్న మురికి బోరులోకి దిగదు. పని అయ్యాక రిపోర్టు రాసి, "సిమెంటు పోసేటప్పుడు లైసెన్సుదారు హాజరు" అనే గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేయాలి.

నేనేమో ఇంట్లో కుర్చీలో ఉన్నాను. అందుకని మా పనిలో చాలామంది చేసేదే మేమూ చేశాం. ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక ఖాళీ రిపోర్టుల కట్ట ముందేసుకుని అన్నిటికీ టిక్కు పెట్టి, అన్నిటి కిందా సంతకం చేసేసేవాణ్ణి. ఇరవయ్యో ముప్పయ్యో అయ్యేవి. ఒక కన్ను పేపరు మీద, చెయ్యి రిపోర్టుల మీద. మా ఆవిడ చూసి, "అలా చూడకుండా గీకుతూ పోతే ఏదో ఒకరోజు ఇల్లు కూడా రాసిచ్చేస్తారు" అనేది. తమ్ముడు వాటిని బండిలో పెట్టుకుని ఎక్కడికక్కడ లోతూ, పైపులూ, సిమెంటు బస్తాలూ నింపుకునేవాడు.

వాడికి లైసెన్సు తెచ్చుకోవాలని లేకపోలేదు. ఆరేళ్ల కిందట రాతపరీక్ష పాసయ్యాడు. మా మరదలు, అంటే వాడి భార్య, దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది. ఇంక మిగిలింది ఒకే ఒక కాగితం. ఇతను నా దగ్గర రెండేళ్లు పనిచేశాడు, పని వచ్చు, అని లైసెన్సు ఉన్న ఒకడు సంతకం పెట్టాలి. అంతే.

వాడు ఆ కాగితం నా దగ్గరికి తెచ్చాడు. "కళ్లజోడు కనపడ్డం లేదురా, అక్కడ పెట్టి వెళ్లు" అన్నాను. ఇంకోసారి అడిగితే, "తేదీలు సరిచూసుకుని రాయాలి, తొందరపడితే తప్పులొస్తాయి" అన్నాను. మరోసారి నడుం నొప్పి అన్నాను. నడుం నొప్పి నిజమే, కానీ సంతకం నడుంతో పెట్టరు కదా. పరీక్ష పాసైన దానికి మూడేళ్లే గడువు. ఆ గడువు నా బల్ల సొరుగులోనే దాటిపోయింది. వాడు ఒక్క మాట అనకుండా మళ్లీ చదివి, మళ్లీ పాసై, మళ్లీ కొత్త కాగితం తెచ్చాడు. ఈసారి మరదలే తీసుకొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో కాగితం, దాంతోపాటు పెన్ను కూడా తెచ్చింది.

"బావగారూ, ఒక్క నిమిషం పని" అంది.

"పెడతానమ్మా, పెట్టక ఎక్కడికి పోతాను" అన్నాను. కాగితం తిరిగి పంపేసి, పెన్ను మాత్రం ఉంచుకున్నాను.

ఎందుకు పెట్టలేదో చెబుతాను. లైసెన్సు వస్తే వాడు వెళ్లిపోతాడు. సొంత బండి వేసుకుంటాడు, లేదా స్టెతస్కోపు కావాలని ఎవరో ఎగరేసుకుపోతారు. ఇంటి ముందు తుప్పు పట్టే బండితో, వంగని నడుంతో నేను మిగులుతాను. ఈ మాట అప్పట్లో నాకు నేను కూడా చెప్పుకోలేదు. చూద్దాంలే అనుకున్నాను. ఆ చూద్దాంలే అనేది ఆరేళ్లు నడిచింది. అబద్ధపు రిపోర్టుల మీద వందల సంతకాలు గీకిన చెయ్యి నిజమున్న ఒక్క కాగితం మీదికి వెళ్లలేదు.

పోయినేడాది ఎండల్లో ఒక దర్జీ ఇంట్లో బోరు పని తగిలింది. ఇరుకు పెరడు, ఒక మూల ఆవుల కొట్టం, దాని పక్కనే పేడకుప్ప. నేను అప్పుడు చూడలేదు, తర్వాత అందరితోపాటు చూశాను. నీళ్లు బాగానే పడ్డాయి. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఇక్కడ పైమట్టి వదులుగా ఉంది. గోడలు జారి సందు పెద్దదైపోయింది. మనం తెచ్చిన ఆరు బస్తాలు ఏ మూలకీ రావు. పదిహేను పడతాయి. ఇవాళ ఆపేసి రేపు బస్తాలు తెచ్చుకుని పోద్దామా?"

మర్నాడు పొద్దున్నే ఇంకో చోట బోరు ఒప్పుకున్నాను. అక్కడివాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి నా బుర్ర తినేశారు.

"ఉన్న ఆరూ పోసి, పైన మట్టి కప్పి వచ్చేయ్" అన్నాను.

"పేడకుప్ప పక్కనే ఉందన్నయ్యా. వానలొస్తే అదంతా దిగుతుంది."

"భూమిలోకి ఎవడు తొంగి చూస్తాడురా?"

"చూడకపోయినా దిగుతుంది కదా" అన్నాడు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. కుర్చీలో కూర్చున్నవాడికి బండి దగ్గర నిలబడ్డవాడు పాఠం చెబితే అలాగే మండుతుంది. "లైసెన్సు నాదా, నీదా?" అన్నాను.

అవతల కాసేపు కంప్రెసరు చప్పుడే వినిపించింది. తర్వాత "సరే అన్నయ్యా" అన్నాడు. ఆరు బస్తాలు పోశాడు. రిపోర్టులో పదిహేను అని రాశాడు. అది కూడా నేను చెప్పిందే.

వానలు వచ్చాయి. దర్జీ ఇంట్లో కోడలికి నెలల బిడ్డ. డబ్బాపాలు పట్టేవాళ్లు. దర్జీ భార్య చాలా జాగ్రత్త మనిషి, బోరు నీళ్లు బాగా మరగబెట్టి, చల్లార్చి, ఆ నీళ్లతోనే పాలు కలిపేది. మరగబెడితే అన్ని రోగాలూ పోతాయనుకుంది పాపం. పేడ నుంచి నీళ్లలోకి దిగిన నైట్రేటు అనే విషం మరగబెట్టినా పోయేది కాదట, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుందట. ఒకరోజు పొద్దున బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. సాయంత్రానికి గోళ్లు కూడా నీలమయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు బిడ్డను చూసి మొట్టమొదట అడిగిన మాట, "మీకు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

బిడ్డ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఈ ఒక్క మాట రాయగలుగుతున్నందుకు దేవుడనేవాడుంటే వాడికి దండం పెట్టుకుంటాను.

తర్వాత నీళ్ల శాఖ అధికారి ఇద్దరు మనుషులతో వచ్చి దర్జీ పెరట్లో పైపు పక్కన తవ్వించాడు. నన్నూ పిలిపించారు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. పైన జానెడు మట్టి, దాని కింద ఖాళీ. అధికారి ఇనుప చువ్వ తీసుకుని ఆ సందులోకి దించాడు. ఎక్కడా తగలకుండా చువ్వ మొత్తం దిగిపోయింది. నా సంతకం ఉన్న రిపోర్టు చేత్తో పట్టుకుని, "ఆరోజు మీరు ఇక్కడ ఉన్నారా?" అని అడిగాడు.

నేను నీళ్లు నమిలాను. ఇంకా నములుతుండగానే తమ్ముడు ముందుకొచ్చాడు.

"అన్నయ్యకేం తెలియదండీ. సంతకాలు పెట్టిన రిపోర్టులు ఇంట్లో ఉంటే నేనే చెప్పకుండా తీసుకున్నాను. ఇక్కడికి వచ్చింది నేను, పోసింది నేను."

కొట్టం దగ్గర నిలబడి దర్జీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన తిడితే బాగుండునని ఎంత అనుకున్నానో. తిట్టలేదు. "నీళ్లు తియ్యగా ఉన్నాయని చుట్టుపక్కల వాళ్లకి కూడా ఇచ్చాం బాబూ" అన్నాడు.

ఆరోజు అక్కడికక్కడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. మూడు నెలలు కేసు నడిచింది, మూడు నెలలూ విప్పలేదు. మా వకీలు కూడా, "మీ తమ్ముడు చెప్పింది అలాగే ఉండనివ్వండి. మీకు లైసెన్సన్నా మిగులుతుంది, ఇద్దరూ మునగడం దేనికి?" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టి, "ఇద్దరూ అనొద్దు. మునుగుతున్నది ఒక్కడే" అంది. అప్పటినుంచి నాకు అన్నం పెట్టేది కానీ ఎదురుగా కూర్చునేది కాదు.

కోర్టు హాలు చిన్నది. ఫ్యాను తిరుగుతున్నా గాలి ఆడేది కాదు. మేజిస్ట్రేటు కళ్లజోడు మీదుగా చూసే మనిషి. తమ్ముణ్ణి నిలబెట్టి అడిగింది.

"పని ఇంత తెలిసినవాడివి, లైసెన్సు ఎందుకు తెచ్చుకోలేదు?"

"పరీక్ష పాసయ్యానండి. రెండుసార్లు. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర పనిచేసినట్టు కాగితం కావాలి. అది లేదు."

"ఎవరి దగ్గర పనిచేశావు?"

"అన్నయ్య దగ్గర."

"ఎన్నేళ్లు?"

"పద్నాలుగేళ్లు."

మేజిస్ట్రేటు రాయడం ఆపి నా వైపు చూసింది. హాల్లో ఉన్న అందరూ చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. నడుం సంగతి మర్చిపోయి దిగ్గున లేచాను. ఇక ఆగలేదు, మొత్తం చెప్పేశాను. ఆదివారం సంతకాల సంగతి, ఫోన్ సంగతి, ఆరు బస్తాలు పొయ్యమన్నది నేనే, పదిహేను రాయమన్నదీ నేనే, వాడు వద్దన్నాడు, పేడకుప్ప ఉందని కూడా చెప్పాడు. వకీలు తల పట్టుకున్నాడు.

మేజిస్ట్రేటు అంతా విన్నాక ఒకే ఒక ప్రశ్న వేసింది. "ఆ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టలేదు?"

అంత నిజం చెప్పినవాణ్ణి అక్కడికొచ్చేసరికి ఆగిపోయాను. "మర్చిపోయానండి" అన్నాను.

నిజం చెప్పేశాను కదా, తమ్ముడు బయటపడిపోతాడు అని మూర్ఖుడిలా అనుకున్నాను. చట్టం అలా లేదు. లైసెన్సు లేకుండా బోరు వేశాడా లేదా అన్నదే వాడి కేసు. వేశాడు. ఎవరు చెబితే వేశాడన్నది ఏడాది పడాల్సిన శిక్షని ఆరు నెలలకు తగ్గించింది, అంతే. ఆ తర్వాత అయిదేళ్లు లైసెన్సుకు దరఖాస్తు కూడా పెట్టుకోకూడదు. నాకు దొంగ రిపోర్టులకు జరిమానా, లైసెన్సు జీవితాంతం రద్దు, జైలుశిక్ష మాత్రం నా వెన్ను చూసి అమలు ఆపారు. నాలుగడుగులు వెయ్యలేనివాడికి చట్టం కూడా జాలి చూపిస్తుంది. వాడు నిటారుగా నిలబడ్డాడు కాబట్టి లోపలికి పోయాడు.

తీర్పు చెప్పిన రోజు కోర్టు మెట్ల దగ్గర మరదలు కనపడింది. ఆ కవరు ఇంకా ఆమె సంచిలోనే ఉంది, అంచు బయటికి కనపడుతోంది.

"ఇలా ఇవ్వమ్మా, ఇప్పుడే పెడతాను. అయిదేళ్ల తర్వాతైనా పనికొస్తుంది" అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "మీ లైసెన్సు ఇందాకే రద్దయింది కదా బావగారూ. ఇప్పుడు మీ సంతకం చెల్లదు" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది.

నెల తర్వాత గానీ జైలుకు వెళ్లి వాడి ముఖం చూసే ధైర్యం చాలలేదు. పొడుగాటి బల్ల, అటు వాళ్లు, ఇటు మేము. వాడు వచ్చి కూర్చుని, "నడుం ఎలా ఉంది?" అన్నాడు. బాగానే ఉందన్నాను. దర్జీ మనవరాలి గురించి అడిగాడు. గోడ పట్టుకుని నడుస్తోందని, ఇంకో బండివాళ్లు పేడకుప్ప తీయించి, పాత బోరు మూసేసి, దూరంగా కొత్తది వేశారని చెప్పాను.

"సిమెంటు సరిగా పోశారా?"

"నేను కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. పోసి తీరారు."

వాడు కొంచెం నవ్వాడు. తర్వాత బల్ల మీద గోరుతో గీస్తూ, "అన్నయ్యా, ఒకటి అడుగుతాను. కోప్పడకుండా చెప్తావా?" అన్నాడు.

"అడుగు."

"కోర్టులో మర్చిపోయానన్నావు. నువ్వు మర్చిపోలేదు. నాకు పని రాదనే కదా పెట్టలేదు?"

వాడు చెప్పుకుంటూ పోయాడు.

"ఎక్కడో ఏదో తప్పు చేసుంటాను, అది నీ కంట్లో పడుంటుంది, చెబితే బాధపడతానని ఊరుకున్నావు అనుకున్నాను. ఆరేళ్లుగా ప్రతి బోరు దగ్గరా అదేంటో వెతుక్కుంటూనే ఉన్నాను. అందుకే ఆరోజు నువ్వు లైసెన్సు నాదా నీదా అనేసరికి ఇక నోరు లేవలేదు. పదిహేను బస్తాలు పడతాయని నా చేతికి తెలుస్తూనే ఉంది. అయినా అన్నయ్యకే తెలిసుంటుంది, నాకేం తెలుసు అనుకుని పోసేశాను."

అప్పటిదాకా నేను చేసింది ఒక సంతకం ఆపడమే అనుకున్నాను. వాడి చేతి మీద వాడికున్న నమ్మకాన్ని ఆరేళ్లపాటు కొంచెం కొంచెంగా తీసేశానని నాకప్పుడు తెలిసింది. ఆ నమ్మకం ఉండి ఉంటే వాడు నన్ను లెక్కచెయ్యకుండా రేపటికి ఆగేవాడు. ఆ బిడ్డ పెదాలు నీలం అయ్యేవి కావు.

"ఒరేయ్" అన్నాను. "నాకంటే నీకే బాగా వచ్చురా. మొదటి ఏడాదే తెలుసు నాకు. సంతకం పెడితే నన్ను వదిలేసి పోతావని పెట్టలేదు. నీలో తప్పేమీ లేదు. ఎప్పుడూ లేదు."

తిడతాడనుకున్నాను. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. రెండిటికీ సిద్ధపడే ఉన్నాను. వాడు గోరుతో గీయడం ఆపి, తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"అంటే నాకు పని వచ్చా అన్నయ్యా?"

నలభై ఒక్కేళ్ల మనిషి, నాలుగు వందల పైచిలుకు బోర్లు వేసినవాడు అడుగుతున్నాడు.

"వచ్చురా" అన్నాను.

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. టైమైపోయిందని గార్డు వచ్చి వాణ్ణి లేపేదాకా చెబుతూనే ఉన్నాను.